తమ్ముడి పశ్చాత్తాపం, నా పాట్లు

పవిత్ర గురువారం పూజలో, రెండు వేల మంది చూస్తుండగా, ఎవరూ చెప్పకుండా నా అంతట నేనే లేచి, పీఠం ముందు మోకాళ్లూని, నా తమ్ముడి రెండు కాళ్లూ కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకున్నాను. గుడి గుడంతా వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్లలో ఇట్లాంటి క్షమాపణ చూడలేదని ఫాదర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఈ ముక్కలు మాచర్ల బస్సులో పక్క సీటు ఆయనకు చెప్పాను. నరసరావుపేటలో కంటి డాక్టరు దగ్గర వరసలో కూర్చున్న వాళ్లకు చెప్పాను. నడికుడి స్టేషన్లో రైలు ఆలస్యమైతే బెంచీ మీద ఉన్న ఒక సాయిబు గారికి కూడా చెప్పాను. ఆయన పాపం చాలా శ్రద్ధగా విని, "మరి ఆ కడిగిన నీళ్లు ఏం చేశారండీ?" అని అడిగాడు. అంతమందికి చెప్పాను గానీ, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

చెప్పిన ప్రతిచోటా గుడిలో జనం పెరుగుతూ వచ్చారు. కాగితం మీదికి వచ్చేసరికి సిగ్గేసింది. మా గుడిలో రెండు వేల మంది పట్టరు, గోడలు బయటికి జరిపినా పట్టరు. నా అంతట నేను లేవలేదు. మోకాళ్ల సంగతి అయితే ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు, నేను మోకాళ్లూనితే లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి. కాబట్టి మళ్లీ మొదటి నుంచి చెబుతాను, ఈసారి జరిగినట్టే.

మా ఊరు రెంటచింతలకు దగ్గర. తపస్సు కాలం సరిగ్గా ఎండలు ముదిరేటప్పుడు, మిరపకాయలు కళ్లాల్లో ఎండుతున్నప్పుడే వస్తుంది. విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకుని, ఈస్టరు దాకా దేవుడి కోసం తలా ఒకటి మానేస్తాం. నేను మాంసం మానేస్తాను. మానేశానని ఊరంతా చాటుతాను. కట్టుడు పళ్లు పెట్టించుకున్న దగ్గర్నుంచి మాంసమే నన్ను మానేసిందన్న సంగతి మాత్రం చాటను.

ఈస్టరుకు ముందు వచ్చే గురువారం, యేసుప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన దానికి గుర్తుగా, ఫాదర్ గారు మా ఊరి మగవాళ్లలో పన్నెండు మందిని పీఠం ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి కాళ్లు కడుగుతారు. ఇందులో మా ఊరివాళ్లం కనిపెట్టిన సొంత పద్ధతి ఒకటుంది. కడిగించుకునే ముందే మేం శుభ్రంగా కడుక్కుని వెళతాం. ఊరికే కడుక్కోవడం కాదు. ఆ మధ్యాహ్నం పన్నెండు ఇళ్లలో పన్నెండు మంది ఆడవాళ్లు ఇత్తడి బిందెలు తోమినట్టు మొగుళ్ల కాళ్లు తోముతారు, చింతపండు పిప్పితో, ఇటుక పొడితో. తర్వాత గోళ్లు తీయించి కొబ్బరినూనె రాస్తారు. ఫాదర్ గారి ముందుకు మురికి కాలు వస్తే ఆ ఇంటికి నామోషీ. పాత ఫాదర్ గారు ఒకసారి విసుక్కున్నారు కూడా, "కడగడానికి నాకేమన్నా మిగిల్చారా?" అని. మేం దాన్ని మెచ్చుకోలు అనుకుని మరుసటి ఏడు ఇంకా గట్టిగా తోమించుకున్నాం.

ఆ పన్నెండు మందిలో మొదటి కుర్చీ నాది. ఎవరూ ఇవ్వలేదు. అందరికంటే ముందు వెళ్లి కూర్చుంటాను, అంతే.

ఇక నా తమ్ముడు. పక్కిల్లే, మధ్యలో ఒక గోడ. మా అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆ గోడ మీదుగా ఒక్క మాట అటూ ఇటూ దాటలేదు. అమ్మ పెట్టెను సమాధుల తోటకు మోసుకుపోయేటప్పుడు ముందు కుడివైపు నేను, ఎడమవైపు వాడు. వాడు పొద్దున్నుంచే తాగి ఉన్నాడు. కల్వర్టు దగ్గర కాలు మడతపడి కూలబడ్డాడు. పెట్టె మూల నేలకు కొట్టుకుని మూత పక్కకు జరిగింది. జపమాల చుట్టిన మా అమ్మ చెయ్యి బయటికి జారింది. దాన్ని పట్టుకుని లోపల పెట్టింది నేను. నేను చాలా సంగతులు పెంచి చెబుతాను గానీ, దీన్ని ఎన్నడూ పెంచలేదు. అసలు ఎవరికీ చెప్పనే లేదు.

అట్లాంటివాడు కిందటి ఏడాది ఎవరో వెంటబెట్టుకుపోతే, రోజుల తరబడి ప్రార్థనలు చేయించే ధ్యానకూటానికి వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టు తిరిగి రాలేదు. తాగుడు మానేశాడు, బీడీ మానేశాడు, పొద్దున పూజకు, ఫాదర్ గారి కింద గుడి పనులు చూసే ఉపదేశి గంట కొట్టక ముందే గుడి మెట్ల మీద ఉంటున్నాడు. విభూది బుధవారం నాడు చెప్పులు కూడా విప్పేశాడు. ఈస్టరు దాకా వట్టికాళ్లతోనే తిరుగుతాడట! మా ఊరి సిమెంటు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం కుక్కలు కూడా నీడ వెతుక్కుంటూ పోతాయి, వీడు మాత్రం నడిమధ్యన నింపాదిగా నడిచేవాడు. తాగుబోతు తమ్ముడితో ఎట్లా వేగాలో నాకు తెలుసు, తలుపేసుకుంటే చాలు. మారుమనసు పొందిన తమ్ముడితో ఎట్లా వేగాలో ఏ ఫాదర్ గారూ ప్రసంగంలో చెప్పలేదు.

వాడు మా ఇంటికి వచ్చిన మొదటి రోజు నేను టీ గ్లాసుతో వసారాలో కూర్చుని పేపరు చూస్తున్నాను. గేటు తీసుకుని వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, అమ్మ పెట్టె పడేశాను. తాగి పడేశాను. క్షమించానని ఒక్క మాట అను."

"సరేలే," అన్నాను పేపరులోంచి తల ఎత్తకుండా.

"ఆ సరేలే నాకొద్దన్నా. అది పాలవాడితో అనే సరేలే."

"మరెట్టా అనాలిరా? గుడి మైకు తెప్పించమంటావా?"

"లోపల్నించి రావాల. రాకపోతే రేపొస్తా."

వచ్చాడు. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. నేను టీ పొద్దున్నే తాగడం మానేసి ఆలస్యంగా తాగడం మొదలుపెట్టాను. వాడూ ఆలస్యంగా వచ్చాడు. వసారా వదిలి పెరట్లో కూర్చుంటే గోడ మీదుగా తల పెట్టి, "అన్నా" అన్నాడు. టీ మానేద్దామనుకున్నాను గానీ, అది తపస్సు కాలంలో లెక్కకు వస్తుందేమో, వాడి పుణ్యాన నేను కూడా త్యాగం చేసినట్టవుతుందేమోనని మానలేదు.

దానికి తోడు పనులు. నా కుళాయి కారుతుంటే నేను లేచేలోపు బాగుచేసిపెట్టాడు. ఒక తెల్లవారుజామున మబ్బేసి గాలి లేస్తే, నేను లబోదిబోమంటూ కళ్లానికి పరిగెత్తే సమయానికి నా మిరపకాయల మీద టార్పాలిన్ పట్టాలు కప్పేసి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి ఉన్నాయి. వాడి కాయల మీద ఇంకా కప్పలేదు. "నీవి ముందు కప్పుకోవచ్చుగా, వెధవా!" అని అరిచాను. "నావి తడిస్తే ఏందన్నా," అన్నాడు. చినుకు కూడా పడలేదు. పడి ఉంటే వాడి కాయలు తడిసేవి, నా కాయలు వాడి దయ వల్ల ఎండి ఉండేవి. ఆ పట్టాలు విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. విసిరికొట్టలేదు. మిరపకాయలు ఏం పాపం చేశాయి?

వాడితో వచ్చిన అసలు చిక్కు ఇది కాదు. ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేశాడు, ఫాదర్ గారు పాపాలు క్షమించి పంపించారు. అయినా పూజలో ప్రభువు శరీరమని పంచే అప్పానికి, అదే సత్ప్రసాదానికి, అందరూ వరసలో పోతుంటే వీడు మాత్రం వెనకే నిలబడిపోయేవాడు. అన్న క్షమించిందాకా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. వాడికి కావలసిందల్లా ఒకటే, అమ్మ పోయిన తర్వాత ఒక్కసారైనా ఈస్టరుకు సత్ప్రసాదం తీసుకోవాలి. ఆ మాట ఊరంతా తెలిసిపోయింది. ఇక చూడండి, నేను సత్ప్రసాదం నాలుక మీద పెట్టించుకుని వెనక్కి తిరిగితే ఆడవాళ్ల వైపు నుంచి ఒక్కొక్క చూపు! తాగి పెట్టె పడేసింది వాడు, దోషిలా తల దించుకుని నడిచేది నేను.

ఒకరోజు ఆపుకోలేక అడిగేశాను. "ఒరేయ్, దేవుడే క్షమించాడంటివిగా, ఇంక నాతో పనేందిరా నీకు?"

వాడన్నాడు, "ఆ పెట్టె దేవుడి భుజం మీద లేదన్నా. నీ భుజం మీద ఉండె."

నేను లేచి లోపలికి పోయాను. మా ఆవిడ వంటింట్లోంచి అంతా విన్నది. వాడికి టీ పోస్తూనే నా మీద విరుచుకుపడింది.

"ఏందయ్యా నువ్వు! కుక్కపిల్ల మాదిరి రోజూ గేటు దగ్గర నిలబడుతుంటే చూడలేక చస్తన్నా. ఒక్క మాట అంటే నీ నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

"అన్నానుగదే. సరేలే అన్నా."

"నీ సరేలే నీ దగ్గరే పెట్టుకో. ఆయనకి ఒద్దంట, నాకూ ఒద్దు."

ఆమె ఫాదర్ గారితో చెప్పినట్టుంది, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం సాయంత్రం ఆయన బండి మీద వచ్చారు. చిన్నవయసే గానీ నడుం నొప్పి, ఎప్పుడూ బెల్టు పెట్టుకుని ఉంటారు. కుర్చీలో నిటారుగా కూర్చుని, మజ్జిగ తాగుతూ అడిగారు.

"పెద్దాయనా, మీకు ఇంకా కోపంగా ఉందా ఆయన మీద?"

"కోపమేం లేదు ఫాదర్ గారూ. విసుగు. రోజూ ఇంటిమీదికొచ్చి పశ్చాత్తాపపడితే ఎవరికైనా విసుగు రాదా? నేను కూడా మనిషినేగా. వాడేమో తనను తాను దేవుడికి పూర్తిగా ఇచ్చేసుకున్నాడు, మిగిలిన మేమంతా అరకొరగా ఇచ్చినట్టు కనపడుతున్నాం."

ఫాదర్ గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "ఇచ్చారా మరి?"

నేను ఇంకా మజ్జిగ పోయమని మా ఆవిడను కేకేశాను.

గురువారం వచ్చింది. మధ్యాహ్నం నా కాళ్లు తోమడానికి మా ఆవిడ ఇటుక పొడి తేలేదు. "నువ్వే తోముకో," అంది. తోముకున్నాను. సాయంత్రం పంచె కట్టుకుని, కాళ్లు మెరుస్తుండగా వెళ్లి మొదటి కుర్చీలో కూర్చున్నాను. పదకొండు మందిమి వచ్చాం గానీ చివరి కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోవాల్సిన ఆయన మధ్యాహ్నం ఎండదెబ్బ తగిలి, ఇంట్లో తడిగుడ్డ కప్పుకుని పడుకున్నాడు. ఉపదేశి గుడి చివరిదాకా చూసి, గుమ్మం పక్కన నిలబడ్డ మా తమ్ముణ్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టాడు.

వాడు కళ్లంలోంచి నేరుగా వచ్చాడు. ఆ కాళ్లు! మట్టి, మిరప కారం, పగుళ్లు, అరికాళ్లు నల్లగా మాడి ఉన్నాయి. పదకొండు జతల నూనె కాళ్ల పక్కన ఆ ఒక్క జత. నా పక్కనున్న ఆయన గొణిగాడు, "ఏందయ్యా మీవోడు, కనీసం కుళాయి కింద పెట్టి రావచ్చుగా." నాకు తల కొట్టేసినట్టయింది. పైగా ఇద్దరు కుర్రాళ్లు సెల్‌ఫోన్లు ఎత్తి ఇదంతా యూట్యూబులో లైవు పెడుతున్నారు. ఇంత దుమ్ము కాళ్లతో మా ఇంటి పేరు ఊరూరా పోతోంది.

ఫాదర్ గారు మొదట నా కాళ్లు కడిగారు. ఒక్కొక్కరి ముందు వంగుతూ, లేస్తూ, పదకొండో ఆయన దాకా వెళ్లారు. లేవబోయి నడుం పట్టుకుని ఆగిపోయారు. వంగినవారు వంగినట్టే ఉండి నా వైపు చూశారు.

"పెద్దాయనా, నా వల్ల కావడం లేదు. ఈ ఒక్కటీ మీరు కానివ్వండి."

అప్పుడూ అనుమానమే నాకు, ఇప్పటికీ అనుమానమే. ఆ నడుం ఆదివారానికల్లా ఎట్లా కుదురుకుని బండెక్కిందో దేవుడికే తెలియాలి. కానీ గుడిలో అందరి ముందు కుదరదని ఎట్లా అంటాను? తిట్టుకుంటూ లేచాను. మోకాళ్లు వంగవు కాబట్టి ఉపదేశి ఒక పీట వేశాడు. పీట మీద చతికిలబడి, పళ్లెం ముందుకు లాక్కుని, వాడి కుడికాలు ఎత్తి పెట్టాను. చెంబుతో నీళ్లు పోశాను. నీళ్లు ఎర్రమట్టి రంగులో దిగాయి. వాడు ఒక్కసారి కాలు వెనక్కి గుంజాడు.

"ఏందిరా?"

"ఏం లేదన్నా."

మడమ పట్టుకుని తిప్పి చూశాను. పగులు మధ్యలో నల్లగా ఒక చుక్క. తుమ్మముల్లు లోపలే విరిగి, చుట్టూ చీము పట్టి ఉంది. ఆ కాలితో వీడు రోజూ మా గేటు దాకా నడిచి వచ్చాడు.

"ఎప్పుడు గుచ్చుకుందిరా?"

"గుర్తులేదన్నా. కానీయ్, అందరూ చూస్తన్నారు."

"గాడిదా! ముల్లు పెట్టుకుని తిరుగుతావా? కదలమాక."

గోళ్లతో తీయబోయాను, రాలేదు. నా గోళ్లు ఆ మధ్యాహ్నమే తీయించాను మరి. వెనక్కి తిరిగి, "పిన్నీసు ఉందా ఎవరి దగ్గరన్నా?" అని అడిగాను. మా ఆవిడ ఆడవాళ్ల వరసలోంచి లేచి, గొలుసుకున్న పిన్నీసు తీసి ఇచ్చి, నా పక్కనే నిలబడింది. పాటలవాళ్లకు పాట అయిపోయింది. ఏం చెయ్యాలో తెలియక మళ్లీ మొదటి చరణం ఎత్తుకున్నారు. అది కూడా అయిపోయింది. మళ్లీ ఎత్తుకున్నారు. తబలా వాయించే ఆయన విసిగిపోయి వాయించడం ఆపేశాడు. నేను కళ్లజోడు ముక్కు కొసకు దించుకుని, మడమ నా ఒళ్లో పెట్టుకుని, పిన్నీసుతో కెలుకుతున్నాను. వాడు కుర్చీ చేతులు పట్టుకుని పళ్లు బిగించాడు.

"కదలమాకన్నానా!"

ముల్లు బయటికొచ్చింది. ఇంత పొడుగు. చీమూ రక్తమూ కారితే, నీళ్లు పోసి కడిగి, తువ్వాలు నలిపి అదిమిపెట్టాను. రెండో కాలు ఎవరు కడిగారో, అసలు కడిగారో లేదో నేను చెప్పలేను. ముద్దు కూడా పెట్టుకోలేదు, అది బస్సులో కలిపింది.

కానీ ఆ తర్వాత జరిగింది మాత్రం గట్టిగా చెప్పగలను. వాడి మొహంలోకి చూశాను. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. "ఒరేయ్, క్షమించాన్రా నిన్ను. అమ్మ కూడా క్షమించే ఉంటుంది," అన్నాను. వాడు తలవంచి నా చేతులు పట్టుకున్నాడు. ఆ పూజలోనే కుంటుకుంటూ వరసలోకి వచ్చి సత్ప్రసాదం తీసుకున్నాడు. ఈస్టరు నాడూ తీసుకున్నాడు. మర్నాటి నుంచి నా గేటు దగ్గరికి రావడం మానేశాడు. నేను హాయిగా వసారాలో కూర్చుని టీ తాగుతున్నాను. ఇంత సాధించడానికి ఎంత విసుగు పడ్డానో చదివేవాళ్లకు తెలియాలనే ఇదంతా రాశాను.

రాసింది ఇక్కడిదాకా మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె చాటలో మిరపకాయల తొడిమలు తీస్తూ విన్నది. సాయిబు గారి దగ్గర నవ్వింది, కల్వర్టు దగ్గర చెయ్యి ఆపింది. చివరికొచ్చేసరికి చాట పక్కకు నెట్టింది.

"యాడన్నావయ్యా ఆ మాట? పిన్నీసు ఇచ్చి నీ నెత్తి మీదే నిలబడి ఉన్నా నేను. గాడిదా అన్నావు. కదలమాక అన్నావు, రెండుసార్లు అన్నావు. ముల్లు ఎత్తి నాకు చూపిచ్చి, ఎంతుందో చూడవే అన్నావు. అంతే. క్షమించాననే ముక్క ఆ రోజు అనలా, ఇయ్యాళ్టి దాకా కూడా అనలా. 'అన్న ముల్లు తీశాడుగా వదినా, అది చాల్లే' అని మరిదే సర్దుకుని పోయి సత్ప్రసాదం తీసుకున్నాడు. ఆయనకి అది చాలింది. నీకెట్టా చాలిందయ్యా?"